మూరెడు దూరం

పోర్ట్‌కార్న్‌లో డూగల్ రెన్నీ చేతి కింద తల వంచని మగవాడు లేడు. రేవుకు ఎదురుగా ఉన్న అతని సెలూనే ఏళ్ల తరబడి మా ఊరికి దిక్కు. గొంతు మీద కత్తి ఆడిస్తూ అవతలివాడి రాజకీయాలను ఎండగట్టేవాడు గానీ, ఆ చెయ్యి మాత్రం వెంట్రుకవాసి కూడా బెదిరేది కాదు. అదే చేతికి గోల్ఫ్ కర్ర ఇచ్చి, గుంటకు మూరెడు దూరంలో బంతి పెట్టి చూడండి. చలిజ్వరం వచ్చినట్టు వణికిపోయేది.

ఇది పుట్టుకతో వచ్చిన జబ్బు కాదు. మూడేళ్ల కిందట మా క్లబ్ ఛాంపియన్‌షిప్‌లో, ఆఖరి గుంట దగ్గర, ఊరంతా చూస్తుండగా పసిపిల్లలు కూడా వేసే బంతిని పక్కకు కొట్టాడు. ఆ తర్వాత కూడా పొడుగు దెబ్బలు ఎప్పటిలాగే కొట్టేవాడు. దగ్గరి బంతి దగ్గరికి వచ్చేసరికి వేళ్లు అతని మాట వినేవి కావు.

స్నేహితులు దీనికో దారి కనిపెట్టారు. ఇద్దరు ఎదురెదురుగా పోటీపడి ఆడే గోల్ఫ్‌లో, తక్కువ దెబ్బల్లో బంతి వేసినవాడిదే ఆ గుంట. అందులో ఒక మర్యాద ఉంది. బంతి గుంటకు మరీ దగ్గరగా ఆగితే ఎదుటివాడు "ఇక చాలు" అంటాడు. అంటే వేసినట్టే లెక్క, తీసి జేబులో పెట్టుకోవచ్చు. ప్లంబర్ గిబ్బీ, మిగతా మిత్రబృందం డూగల్ బంతి ఇంకా దొర్లుతుండగానే "ఇక చాలు" అనేసేవాళ్లు. మొదట్లో అతను బతికిపోయాననుకున్నాడు. పోనుపోను ఆ మాట వింటేనే ఒళ్లు మండేది. ఒకరినొకరు ఎగతాళి చెయ్యకపోతే తిన్నది అరగని మనుషులు, ఈ ఒక్క విషయంలో మాత్రం రోగిని పరామర్శించినట్టు మెత్తగా మాట్లాడేవాళ్లు. డూగల్‌ను ఎక్కువగా కోసింది ఆ మెత్తదనమే.

అలాంటివాణ్ని క్లబ్బుల మధ్య పోటీకి ఎందుకు తీసుకెళ్లారంటారా? అసలు వెళ్లాల్సినవాడికి నడుం పట్టేసింది.

"నావల్ల కాదురా గిబ్బీ. అక్కడ ఎవడూ జాలిపడడు," అన్నాడు డూగల్.

"జాలి ఎవడు అడిగాడ్రా? ఐదుగురు కావాలి, నలుగురున్నాం. నీకన్నా పనికిమాలినవాడు దొరికితే నీ గుమ్మం ఎందుకు తొక్కుతాను?"

డూగల్ భార్య నెట్టా వంటగదిలోంచే కేకేసింది. "వెళ్లవయ్యా, వెళ్లు! పొద్దస్తమానం కార్పెట్ మీద టీకప్పులోకి కొట్టుకుంటూ కూర్చుంటావు. నా కప్పుల్లో ఒక్కదానికైనా పిడి మిగిలిందా?"

పోటీ జరిగే హోప్‌షా కొండల్లో ఉంది. మావాళ్లు బుద్ధెరిగినప్పటి నుంచీ సముద్రం పక్కన ఆడినవాళ్లు. గాలి ఎటు కొడుతోందో చెవి చెబుతుంది, చర్చి శిఖరాన్ని గురి పెట్టుకుంటే చాలు. హోప్‌షాలో సముద్రమూ లేదు, గాలీ లేదు, ఉన్నవల్లా గొర్రెలు. అవి తొక్కకుండా ప్రతి గుంట చుట్టూ ఉన్న నున్నటి పచ్చికకు తీగ కంచె వేశారు. ఆ పచ్చిక మీద, ఎత్తుగా కనబడే వైపుకే బంతి దొర్లుకుంటూ పోతుంది. కొండలు కూడా మనుషుల్ని మోసం చేస్తాయని డూగల్‌కు ఆ రోజే తెలిసింది.

అతనికి ఎదురు పడింది ఆడమ్ టర్న్‌బుల్ అనే గొర్రెల కాపరి. మాట పొదుపు మనిషి. వెనకాలే నెల్ అనే నలుపూ తెలుపూ కుక్క.

"మా ఏరు అటుంది. కంటికి ఏం కనబడినా సరే, బంతి ఏటివైపే పోతుంది. నా మాట నమ్మండి," అన్నాడు టర్న్‌బుల్ మొదట్లోనే.

తనను ముంచడానికే చెబుతున్నాడనుకుని డూగల్ నమ్మలేదు. వరసగా కొన్ని గుంటలు పోగొట్టుకున్నాక నమ్మాడు. అప్పటి నుంచి ఆట నిలబడింది. అయినా మూరెడు దూరం బంతులు రెండు పక్కకు పోయాయి. రెండుసార్లూ కొట్టేముందు అతను ఆశగా తలెత్తి చూశాడు, టర్న్‌బుల్ నోట మాత్రం "ఇక చాలు" రాలేదు. కొండవాళ్ల దగ్గర ఏదీ ఊరికే రాదని డూగల్ పళ్లు నూరుకున్నాడు.

ఆఖరి గుంటకు చేరేసరికి ఇద్దరూ సమానంగా ఉన్నారు. అప్పటికే ఆట ముగించిన మావాళ్లు నలుగురిలో ఇద్దరు గెలిచారు, ఇద్దరు ఓడారు. ఇక అంతా డూగల్ చేతుల్లోనే ఉంది, ఉండకూడని చోటే. టర్న్‌బుల్ బంతి ఒకసారి ఏట్లో పడింది, ఐదు దెబ్బలకు ముగించాడు. డూగల్ మూడో దెబ్బకు బంతి గుంట దాకా వచ్చి ఆగింది. సరిగ్గా మూరెడు దూరంలో. వేస్తే గెలుపు.

అతను కర్ర పట్టుకుని వంగాడు. వేళ్లు వణకడం మొదలుపెట్టాయి. గట్టు మీద గిబ్బీ మాంసం రొట్టె నమలడం మానేసి దవడ అలాగే ఉంచేశాడు. అంతలో వెనక నుంచి వినబడింది.

"ఇక చాలు."

డూగల్‌కు పోయిన ప్రాణం లేచొచ్చింది. బంతి తీసి జేబులో వేసుకున్నాడు. టోపీ తీశాడు, చెయ్యి చాపుతూ ఎదురెళ్లాడు. "మీ మంచితనం మరిచిపోనండి."

టర్న్‌బుల్ ఆ చేతిని అందుకోలేదు. "బంతి ఎందుకు తీశారు?"

"మీరేగా ఇక చాలన్నారు!"

"అయ్యో దేవుడా, మిమ్మల్ని కాదండీ! మా నెల్‌ని. కంచె అవతల గొర్రెను చూసి ఒకటే మూలుగుడు."

తన పేరు వినగానే కుక్క తోక ఊపింది. గిబ్బీ రెండు చేతులతో నెత్తి పట్టుకున్నాడు. డూగల్‌కు తల తీసేసినట్టయింది. అడక్కుండా బంతి తీసినవాడు ఆ గుంటను వదులుకున్నట్టేనని అతను అనుకున్నాడు.

హోప్‌షా క్లబ్ కార్యదర్శి మిసెస్ కెర్ కంచె దాటి వచ్చింది. ఇద్దరి మాటా విన్నది, కుక్కను కూడా ఒక చూపు చూసింది. "నిజాయితీగానే పొరబడ్డారు. దానికి శిక్ష లేదు. ఎక్కడి నుంచి తీశారో అక్కడే పెట్టి ఆడండి."

డూగల్ బంతి పెట్టాడు.

"అంత దూరం కాదండీ, కొంచెం ఇటు," అన్నాడు టర్న్‌బుల్.

"లేదు, ఇక్కడే ఉండింది."

"కాదంటుంటే!"

గట్టు మీద నుంచి గిబ్బీ అరిచాడు. "ఒరేయ్, ఆయన దగ్గరగా పెట్టుకోమంటుంటే నీకేం రోగంరా!"

చివరికి మిసెస్ కెర్ బూటు కొనతో చోటు చూపించింది. టర్న్‌బుల్ చెవులు ఎర్రబడ్డాయి. "చూడండి, ఇదంతా నా కుక్క తెచ్చిన తంటా. అసలు ఈ బంతిని నేనే మీకు..."

"వద్దండీ," అన్నాడు డూగల్. తన నోట ఆ మాట ఎలా వచ్చిందో అతనికే తెలియదు. "ఆ మాట అనకండి. మూడేళ్లుగా వింటున్నాను. మీకు పుణ్యముంటుంది, నన్ను వెయ్యనివ్వండి."

టర్న్‌బుల్ అతని చేతుల వంక చూశాడు. నెల్ మెడపట్టీ పట్టుకుని రెండడుగులు వెనక్కి వేశాడు.

డూగల్ వంగాడు. కంటికి ఎడమ పల్లంగా కనబడుతోంది, ఏరేమో కుడివైపు. ఏటినే నమ్మాడు. వణుకు ఆగుతుందేమోనని కాసేపు చూశాడు. అది ఆగేలా లేదు. సరే, వణుకుతూనే కొడదాం అనుకున్నాడు, కొట్టాడు. బంతి గుంట అంచు పట్టుకుని ఒక చుట్టు తిరిగింది, తనకింకేదో పని ఉన్నట్టు తటపటాయించింది, లోపల పడింది.

మావాళ్లు గట్టు మీద వేసిన కేకలకు గొర్రెలన్నీ చెల్లాచెదురయ్యాయి. డూగల్ పచ్చిక మీదే కూలబడ్డాడు. మూడేళ్లుగా గుండె మీదున్న బరువు దిగిపోయినట్టయింది, కళ్ల వెంట నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. చెయ్యి ఇంకా వణుకుతూనే ఉంది. వణికితే వణకనీ అనుకున్నాడు.

టర్న్‌బుల్ వచ్చి చెయ్యి అందించాడు. "ఇక చాలు, లేవవోయ్. ఈసారి నీతోనే అంటున్నాను."

మరుసటి శనివారం మా సముద్రం పక్కన, గాలి చెవులు కొరికేస్తుండగా, డూగల్ బంతి గుంటకు మూరెడు దూరంలో ఆగింది. గిబ్బీ అలవాటుగా నోరు తెరిచాడు. "ఇక..." అని, నాలుక కరుచుకుని, అటు తిరిగి పడవల్ని చూస్తూ నిలబడ్డాడు.

డూగల్ తాపీగా వంగాడు, కొట్టాడు. బంతి గుంటను పలకరించకుండా పక్క నుంచి వెళ్లిపోయింది.

గిబ్బీ ఇటు తిరిగి ఫక్కుమన్నాడు. "ఒరేయ్ గుడ్డికొంగా! మా అమ్మమ్మ ఊతకర్రతో వేస్తుందిరా దాన్ని! పోయి నెట్టా కప్పులు పగలగొట్టుకో, పో!"

మిగతావాళ్లు కూడా అందుకున్నారు. ఈ మూడేళ్లలో వాళ్లు అతని దగ్గరి బంతిని చూసి నవ్వడం అదే మొదలు. డూగల్ బంతి వెనకాల నడుస్తూ, వాళ్లకన్నా గట్టిగా నవ్వాడు.