చప్పటి నీళ్ళ కోసం యానాం

"ఈ నీళ్ళు బాలేవమ్మా, రుచి లేదు" అన్నాడు మా చిన్నవాడు. కాకినాడలో మా అమ్మ వంటింట్లో కుళాయి నీళ్ళు సగం గ్లాసు తాగి, మిగతావి నా చేతికిచ్చేశాడు.

ఆ నీళ్ళకి ఏ లోపమూ లేదు. లోపం యానాంలో మా ఇంటి బోరుది. అక్కడి అడవిపొలం అనే పేటలో ఇల్లు కట్టుకున్నప్పటి నుంచి ఆ నీళ్ళు కొంచెం కొంచెంగా ఉప్పెక్కుతూ వచ్చాయి. మేమూ అలాగే కొంచెం కొంచెంగా అలవాటుపడిపోయాం. మూడేళ్ళ పిల్లాడి నాలుకకి ఉప్పునీళ్ళే నీళ్ళయిపోయాయని అప్పుడు తెలిసింది.

యానాంలో ఉన్న మా వారికి వెంటనే ఫోన్ చేశాను.

"సోమవారం మధ్యాహ్నం బోరు తవ్వే రిగ్గు వస్తోందిగా. బోరు ఇంకాస్త లోతుకి దించేస్తే సరి. వీధిలో అందరూ అదే చేశారు" అన్నారు.

వీధిలో అందరూ ఉప్పునీళ్ళే తాగుతున్నారు. ఆ మాటే అన్నాను. ఆయన నవ్వేశారు.

మా అమ్మ వాళ్ళ వీధి చివర శారదగారని ఉన్నారు. నేలలోకి కరెంటు పంపి, తవ్వకుండానే కింద ఏ నీళ్ళున్నాయో చెప్పడం ఆవిడ వృత్తి. వెళ్ళి అడిగాను. "రిగ్గు కంటే ముందు మనం చేరాలి" అన్నారావిడ.

సోమవారం పొద్దున పిల్లలిద్దరినీ అమ్మకి అప్పగించి, ఏడింటి బస్సెక్కాం. తీగ చుట్టలతో ఆవిడ మనుషులిద్దరూ మోటారు సైకిలు మీద ముందే వెళ్ళారు. మీటరున్న పెట్టెని మాత్రం శారదగారు ఎవరికీ ఇవ్వలేదు, ఒళ్ళో పెట్టుకున్నారు.

యానాంలో మందు చవక కదా, కండక్టరు పెట్టెని తేరిపార చూశాడు. "యానాం అందరూ ఖాళీ చేతుల్తో వెళ్ళి బరువుగా తిరిగొస్తారండీ. మీరేటండీ, ముందే పట్టుకెళ్తున్నారు?"

"దీనికీ టికెట్ కొట్టు బాబూ. కాకపోతే కిటికీ సీటు కావాలంటోంది" అన్నారు శారదగారు. వెనక సీట్ల వాళ్ళు కూడా నవ్వారు.

ఈ దారిలో వచ్చేవాళ్ళు ఎడమవైపు కూర్చోండి. కోరంగి దగ్గర మడ చెట్లు కనిపిస్తాయి. తాళ్ళరేవు దాటాక రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికే చక్రాలు తెల్లటి నురగ లేపుతుంటాయి. ఇన్నాళ్ళూ అది అందంగానే కనిపించేది. ఆ రోజు మాత్రం ఆ చెరువుల ఉప్పునీరు ఎటు ఇంకుతోందా అన్న ఆలోచనే.

ఎనిమిదిన్నరకల్లా ఇంటికి చేరి, ఉప్మా తిని పని మొదలుపెట్టాం. బోరు పక్కన నాలుగు ఇనప మేకులు ఒకే వరసలో దిగగొట్టారు. చివరి రెండూ కరెంటు పంపుతాయి, మధ్యవి కొలుస్తాయి. చివరి మేకుల్ని దూరం జరిపేకొద్దీ ఇంకా లోతు సంగతి తెలుస్తుందట. ఉప్పునీళ్ళున్న చోట కరెంటు సులువుగా పారుతుంది, మంచినీళ్ళున్న ఇసుకలో అంత సులువుగా పారదు. నేల ఎంత అడ్డుకుంటోందో మీటరు అంకెలో చూపిస్తుంది. నేల ఎండిపోయి ఉండడంతో మేకుల మొదట్లో ఉప్పునీళ్ళు పోయాలన్నారు.

"మీ బోరు ఇందుకైనా పనికొచ్చిందమ్మా" అన్నారు శారదగారు, బకెట్ అందుకుంటూ.

మేకుల వరస పక్కింటి సూరమ్మగారి పెరట్లోకి వెళ్ళింది. ఆవిడ గుమ్మంలో అడ్డంగా నిలబడ్డారు.

"ఏవండీ, మీ కరెంటు నా కోళ్ళకి కొడితే ఎవరిది పూచీ?"

"కోడికి తగిలితే కూర నేనే వండుతానండీ" అన్నారు శారదగారు.

"ఆయ్, వండుతారు, వండుతారు! కోడి నాది, కూర మీది!" అంటూనే సూరమ్మగారు కోళ్ళని గంప కింద మూసి దారిచ్చారు.

బోరు దగ్గర మేకులు జరిపిన ప్రతిసారీ మీటరు అంకె పడిపోతూనే ఉంది. కింద అంతా ఉప్పే. రిగ్గు వచ్చే వేళవుతోందని నేను వీధి వైపు చూస్తున్నాను. శారదగారు మాత్రం నిదానంగా గొడుగు కిందినుంచి లేచి పెరడంతా నడిచారు. వెనక కొబ్బరి చెట్ల దగ్గర కాస్త ఎత్తుగా ఉన్న ఇసుక మెరక మీద ఆగారు. మండే ఎండలో అక్కడ మొదటి నుంచీ మళ్ళీ కొలిచారు. ఈసారి అంకె చాలాసేపు పడకుండా నిలబడింది. తర్వాత ఒక్కసారిగా పడింది.

ఆవిడ కాగితం మీద గీత గీసి మా వారికి చూపించారు. "వాన నీళ్ళు ఈ ఇసుకలో పాల మీద మీగడలా తేలుతున్నాయండీ. మీ బోరు మీగడ దాటి పోయింది. ఇంకా దించితే ఇంకా ఉప్పే."

మా వారు గీతని చూశారు, బోరుని చూశారు, నన్ను చూశారు. తర్వాత రిగ్గువాళ్ళకి ఫోన్ చేసి రావద్దన్నారు.

"మరి మా బోరో?" అన్నారు సూరమ్మగారు, మెల్లగా. ఆవిడా కిందటేడు లోతుకి దింపించుకున్నవారే. ఆ పెరట్లోనూ కొలుస్తామని శారదగారు మాటిచ్చారు.

మా వారు పిలిపిస్తే ఫరంపేట నుంచి మనుషులొచ్చి, ఆ మెరక మీద చేత్తోనే గొట్టం దించి ఫిల్టర్ పాయింట్ వేశారు. ఇసుక నేలకి ఈ తక్కువ లోతు బోరు చాలు. సాయంత్రానికి బురద నీళ్ళు, తర్వాత కాస్త తేట నీళ్ళు వచ్చాయి. నోట్లో పోసుకున్నాను. చప్పగా ఉన్నట్టే ఉంది కానీ, నా నాలుకని నేనే నమ్మలేకపోయాను.

"చిన్న మోటారు పెట్టి కాసేపే తోడండి. మీగడ తీసేటప్పుడు గరిటె లోతుగా ముంచుతామా?" అన్నారు శారదగారు. పరీక్షకి ఒక సీసా ఆవిడ తీసుకున్నారు, పిల్లలకోసం రెండు సీసాలు నేను నింపుకున్నాను.

తిరుగు బస్సుని యానాం దాటగానే తనిఖీకి ఆపారు. యానాం నుంచి సీసాలతో వచ్చేవాళ్ళని ఎవరు వదులుతారు! కానిస్టేబులు నా సంచిలో చెయ్యి పెట్టాడు.

"ఏటండీ ఇవి?"

"నీళ్ళు బాబూ."

బస్సంతా ఘొల్లుమంది. అతను మూత తీసి వాసన చూశాడు, మళ్ళీ చూశాడు. "ఏ వాసనా లేదే!"

"ఉండకూడదనే పొద్దున్నుంచీ మా పాట్లు" అన్నాను.

బస్సు కదిలాక శారదగారు పెట్టె మీద చేతులు వేసుకుని నిద్రపోయారు. ఆ చేతులకి ఇంకా మట్టి ఉంది. రిగ్గు వస్తే వీధంతా దద్దరిల్లుతుంది. ఈవిడ నాలుగు మేకులతో నేలని అడిగారు, చెప్పింది విన్నారు, చెప్పినంతే మాకు చెప్పారు. తెలియనిది ఒక్క మాట కూడా కలపలేదు. ఇంటికి మంచి డాక్టరు వచ్చి వెళ్ళినట్టుగా ఉంది నాకు.

మర్నాడు పొద్దున చూస్తే సీసా అడుగున సన్నటి ఇసుక పేరుకుని, పైన నీళ్ళు తేటగా ఉన్నాయి. వడకట్టి, కాచి, చల్లార్చి చిన్నవాడికిచ్చాను. వాళ్ళక్క వాడి మొహంలోకే చూస్తోంది. నేనూ అంతే. వాడు ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు.

"దీనికీ రుచి లేదమ్మా."

"బట్టలు సర్దుకోండి" అన్నాను ఇద్దరితో. "మనింటికి వెళ్దాం."