రోడ్డు రోలరు కింద రషీదా బొమ్మ

ముందు నా గచ్చు సంగతి చెప్పాలి. బిట్రగుంటలో నేను కట్టించుకున్న ఇంటికి ఆనుకుని ఒక చిన్న వాటా ఉంది. దానికి ఎర్రగచ్చు వేయించాను. మేస్త్రీ పక్కనే పీట వేసుకుని కూర్చుని, అతను విసుక్కునేదాకా నున్నగా తోమించాను. గూడ్సు గార్డుగా ముప్పై నాలుగేళ్ళు ఊగే బ్రేకువ్యానులో గడిపినవాడికి కదలని నేలంటే ఎంత మమకారమో రైల్వే వాళ్ళకే తెలుస్తుంది. ఆ మమకారంలో పడి నేనొక తప్పు చేశాను. దాని ఫలితం అనుభవించిన మనిషి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆమె పేరు రషీదా. నాలుగేళ్ళ కిందట ఒక పొద్దున వాటా అద్దెకిస్తారా అని గేటు ముందు నిలబడింది. యాభై ఆరేళ్ళ మనిషి. సగం నెరిసిన జుట్టు, గోళ్ళ సందుల్లో నల్లరంగు. ఏం పని చేస్తావమ్మా అని అడిగాను.

"చెక్క మీద బొమ్మ చెక్కి, రంగు పూసి, కాగితం మీద అచ్చు తీస్తానన్నా. హైదరాబాదులో ఒక కాలేజీలో ఇరవై రెండేండ్లు అదే పని నేర్పించినా. మీ పేరేందన్నా?"

హజరత్తయ్య అని చెప్పాను. మా అమ్మ దర్గాకు మొక్కుకున్నాక పుట్టానని నాకు ఆ పేరు పెట్టారు. రషీదా నవ్వింది.

"అయితే మావాళ్ళ పేరే పెట్టుకోనుండారు. ఇల్లు ఇయ్యక తప్పదు మీకు."

నేను ఆలోచిస్తూ ఉండగానే నా భార్య ఆదిశేషమ్మ తాళంచెవి తెచ్చి ఆమె చేతిలో పెట్టేసింది. మా ఇంట్లో నిర్ణయాలు సాధారణంగా ఇలాగే జరుగుతాయి. అయితే రషీదా ఇంకో మాట కూడా చెప్పింది. అచ్చు తీసే ఇనుప మిషన్ ఒకటి ఉందట. ఏడు వందల కిలోలట. ఆ అంకె వినగానే నా కళ్ళకు గచ్చు నిలువునా బీటలు వారినట్టు కనిపించింది.

"మనుషులకైతే ఇల్లుంది గానీ మిషన్‌కు లేదమ్మా" అన్నాను.

ఆమె "సరే అన్నా" అంది. బతిమాలలేదు. బేరమాడలేదు. మిషన్ను తన దగ్గర చదువుకున్న పిల్లలకు ఇచ్చేసి, ఉలుల పెట్టె, రంగు డబ్బాలు, చెక్కలు మాత్రం తెచ్చుకుంది. ఆ రోజు నేను పెద్ద పని సాధించినట్టు మీసం సవరించుకున్నాను.

ఆమె బతుకు నాకు కొద్దికొద్దిగా తెలిసింది, చాలావరకు మా ఆవిడ నోటి నుంచి. రషీదమ్మది కావలి. ఆమె నాన్న సిలార్ దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఏడేళ్ళప్పుడు ఈమె కొత్త పరుపు గుడ్డ మీద బొగ్గుతో ఒక కోడిపుంజును గీసిందట. ఇప్పుడు నాన్న చేతిలో నా పని అయిపోయిందనుకుంటే, ఆయన సూది తీసుకుని ఆ గీత వెంటే కుట్టు వేసుకుంటూ పోయాడట. పరుపు కుట్టించుకోవడానికొచ్చిన ఆవిడ కోడిపుంజును చూసి మురిసిపోయి పట్టుకుపోయింది.

"అదే నా మొదటి ఎగ్జిబిషనక్కా" అని రషీదమ్మ మా ఆవిడతో అనేది.

తర్వాత హైదరాబాదులో చదువు, అక్కడే కొలువు. ఎగ్జిబిషన్లకు బొమ్మలను ప్లాస్టిక్ పైపులో చుట్టుకుని ఒంటరిగా రైలెక్కేది. ఒకసారి మద్రాసు బండిలో టీసీ పైపును చూసి "ఏందమ్మా, తుపాకీనా?" అన్నాడట. విప్పి చూపిస్తే పెట్టెలో జనమంతా మూగి, బాత్రూం దగ్గర నిలబడి వస్తున్న ఆమెకు కిటికీ పక్కన చోటిచ్చారు. ఆమె బొమ్మలు పోలండు దాకా పోయాయి. ఆమె మాత్రం భోపాల్ దాటలేదు. పెళ్ళెందుకు చేసుకోలేదని మా ఆవిడ అడగనే అడిగింది. "వచ్చినోళ్ళందరూ ఇంట్లో ఈ రంగువాసన వద్దన్నారక్కా" అందట. ఆ మాట మా ఆవిడ నాకు చెబుతూ గచ్చు వైపు చూసింది. నేను పేపరు చదువుకుంటున్నట్టు ఉండిపోయాను.

కావలిలో పుట్టిన మనిషికి బిట్రగుంట కొత్త ఊరేమిటి అనవచ్చు. ముప్పై అయిదేళ్ళ తర్వాత వచ్చిన మనిషికి కావలి కూడా కొత్తే. నాన్న పోయాక అక్కడ ఇల్లూ లేదు. మద్రాసుకు పోయి వచ్చేటప్పుడల్లా ఇక్కడ బండి నెమ్మదిస్తే రైల్వే కాలనీ పాత పెంకుటిళ్ళను చూసి, కొలువు అయిపోయాక ఇక్కడ దిగిపోవాలని అనుకునేదట. అనుకున్నట్టే దిగింది.

దిగిన నెలకే వరండాలో ఆదివారం బడి మొదలైంది. చెక్కలూ ఉలులూ అందరికీ ఎక్కడివి? తెగిపోయిన హవాయి చెప్పులు తెమ్మంది. ఆ అడుగు మీద బ్లేడుతో చెక్కి, రంగు పూసి, అచ్చు వేయడం నేర్పింది. చుట్టుపక్కల ఆడవాళ్ళంతా వచ్చేవారు. అరవై రెండేళ్ళ వయసులో మా ఆదిశేషమ్మ ఒక చేపను చెక్కి, మొదటి అచ్చు నా తెల్లచొక్కా జేబు మీద వేసింది. ఆ చొక్కా ఉతికినా పోలేదు. ఇప్పుడు పోకపోవడమే మంచిదనుకుంటున్నాను.

కిందటేడు రషీదమ్మ పెద్ద బొమ్మ ఒకటి మొదలుపెట్టింది. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ప్లైవుడ్ చెక్క. అందులో మా స్టేషను, ప్యాసింజరు దిగుతున్న చేపల గంపల ఆడవాళ్ళు, చివర జెండా పట్టుకున్న గార్డు. ఆ గార్డు నేనే. ఎనిమిది నెలలు చెక్కింది. ఈలోగా మద్రాసులో ఒక గ్యాలరీ వాళ్ళు ఆమె బొమ్మలన్నీ ఒకచోట పెట్టి చూపిస్తామని, కొత్తది పెద్దది ఒకటి ఉండాలని రాశారు.

సరిగ్గా అప్పుడే హైదరాబాదు నుంచి షబీనా అనే పాత విద్యార్థిని ఆమెను చూడడానికి వచ్చింది. చెక్కను చూసి, "మిషన్ లేకుండా దీన్ని అచ్చెలా తీస్తారు మేడం?" అని అడిగింది. రషీదమ్మ మాట మార్చింది. వెళ్ళేటప్పుడు ఆ పిల్ల గేటు దగ్గర నాతో, "పద్దెనిమిదేళ్ళు ఆ మిషన్ మీదే పనిచేశారంకుల్. మాకిచ్చేటప్పుడు దాని చక్రం పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు" అంది. నా గచ్చు సంగతి ఆ పిల్లకు తెలియదు. తెలిసి ఉంటే ఆ మాట ఇంకోలా చెప్పేదేమో.

మిషన్ లేనప్పుడు ఒక దారి ఉంది. రంగు పూసిన చెక్క మీద గుడ్డ పరిచి, పైన చెక్కగరిటెతో గట్టిగా రుద్దాలి. మా వంటింట్లో గరిటెలు ఒక్కొక్కటే మాయమైంది అందుకే. చిన్న బొమ్మలకు అది చాలు. ఈ పెద్దదానికి మూడు రోజులు రుద్దేసరికి రషీదమ్మ కుడిభుజం పట్టేసింది. గుడ్డ మీద గార్డు ఒక్కడే సగం పడ్డాడు. మూడో నాటి సాయంత్రం ఆమె వరండాలో కూర్చుని నెమ్మదిగా అంది.

"అన్నా, నేను మళ్ళా హైదరాబాదు పోతా. మిషన్ ఆడుండాది. మిషన్ లేకుండా నాకు పని లేదు, పని లేకుండా నేనుండలేను."

తప్పు నాదని చెప్పాలని నోరు తెరిచాను. అంతలో మా వీధి చివర రోడ్డు వేస్తున్న రోలరు ఇంటికి పోతూ మా గోడలన్నీ అదిరించింది. ఆదిశేషమ్మకు ఒళ్ళు మండింది.

"ఏందయ్యా ఈ గోల! అంత బరువు ఊరంతా ఊరికే తిరగతా ఉండాదే, వచ్చి ఈ చెక్క మీద కూకుంటే రషీదా పనన్నా అయిపోను!"

రషీదమ్మ చేతిలో గరిటె కింద పెట్టింది. లేచి గేటు తీసుకుని రోలరు వెంట నడవడం మొదలుపెట్టింది. చెప్పులు కూడా వేసుకోలేదు.

రోలరు డ్రైవరు పోలేరయ్యది చిట్టమూరు వైపు. ముప్పై ఏళ్ళుగా అదే పని. సంగతి విని తల గోక్కున్నాడు.

"బొమ్మ మీద బండి తోలాలనా? పలిగిపోదా అమ్మా?"

"పలిగితే నా చెక్కే గదన్నా" అంది రషీదమ్మ.

"సోమవారం బండి అల్లూరు రోడ్డుకు పోతాది. తోలితే ఆదివారం పొద్దున తోలాల. కంట్రాక్టరు ఒప్పుకోవాల."

మర్నాడు కంట్రాక్టరుకు నేనే ఫోన్ చేశాను. పొద్దున్నే తాగి మాట్లాడుతున్నానని అనుకున్నాడు. రైల్వే గార్డుగా నేను ఎప్పుడూ అబద్ధపు రిపోర్టు రాయలేదని ప్రమాణం చేస్తే, నవ్వి సరేనన్నాడు.

మిషన్లో అచ్చు తీసేటప్పుడు బరువు అంతటా సమంగా పడడానికి పైన కంబళి పరుస్తారట. రోలరు బరువుకు కంబళి ఆగదు. రషీదమ్మ కావలి నుంచి దూది తెప్పించి, నొప్పి భుజంతోనే, నాన్న కుట్టినట్టు చెక్కంత పరుపు పలచగా కుట్టింది. అచ్చుకు కోరా గుడ్డ రెండు ముక్కలు సిద్ధం చేసింది. ఆదివారం పొద్దున కొత్త రోడ్డు మీద చెక్క పరిచాం. రంగు పూయడానికి గంట పట్టింది. దాని మీద గుడ్డ, గుడ్డ మీద పరుపు. తారు అంటకుండా రోలరు చక్రం మీదికి వదిలే నీళ్ళు కట్టేయమంది. బండి వణుకు ఆపమంది. అన్నీ గుర్తుపెట్టుకుని చెప్పింది.

రోలరు మెల్లగా పరుపు మీదికి ఎక్కింది. అవతలికి దిగగానే ఆడవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలోనే రోలరు వెనక్కి వచ్చేసింది.

గుడ్డ ఎత్తి చూస్తే బెత్తెడు జరిగి అంతా రెండేసి పడింది. బండికి రెండు ఇంజన్లు, గంపలు రెట్టింపు, గార్డుకు నాలుగు చేతులు. పోలేరయ్య బండి దిగి వచ్చి చూశాడు.

"ముందుకు పోతే వెనక్కి రావాల గదమ్మా. ఒక్కతూరి తొక్కి వదిలేస్తే అది రోడ్డెట్టా అవుతాది?"

రషీదమ్మ రోడ్డు మీదే చతికిలబడి, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. "మీ పని మీరు సరిగ్గానే చేసినారన్నా. చెప్పనిది నేను" అంది.

ఇక ఒక్క గుడ్డే మిగిలింది. ఎండ ఎక్కుతోంది, ఆలస్యమైతే రంగు ఎండిపోతుంది. మళ్ళీ పూశారు. మళ్ళీ పరిచారు. రోలరు ఎక్కి, దిగి, ఇంకా ముందుకు, చింతచెట్టు దాకా పోయింది. పోలేరయ్య ఇంజను ఆపి, తాళంచెవి తీసి జేబులో వేసుకుని నడుచుకుంటూ వచ్చాడు.

"ఇంక రమ్మన్నా రాదు" అన్నాడు.

ఒక కొస ఆదిశేషమ్మ, ఒక కొస నేను పట్టుకుని ఎత్తాం. గంపల అల్లికతో సహా పడింది. ఆడవాళ్ళ కొంగుల మడతలు పడ్డాయి. నా టోపీ పడింది. నాకు ఏడుపొచ్చింది, చెప్పడానికి సిగ్గెందుకు. అక్కడే, అందరి ముందూ, నా గచ్చు సంగతి చెప్పి, "మిషన్ తెప్పించుకోమ్మా, పగిలితే పగలనీ" అన్నాను.

"పిల్లలు దాని మీద పని చేస్తా ఉండారన్నా. ఇచ్చింది ఎట్టా అడిగేది? మిషన్ తెచ్చుకోనుంటే ఈ వీధి నాకు రోడ్డు మీద ఇట్టా వచ్చి నిలబడేదా?" అంది. తర్వాత మా ఆవిడ వైపు తిరిగి, "గరిటెలు తిరిగిచ్చేస్తానక్కా. హైదరాబాదు పోను" అంది.

పాడైన గుడ్డను పోలేరయ్య అడిగి తీసుకున్నాడు. "రెండింజన్ల బండి నాకు కావాల" అన్నాడు.

రెండు నెలల తర్వాత మద్రాసు ఎగ్జిబిషనుకు మమ్మల్నీ పోలేరయ్యనూ కూడా తీసుకుపోయింది. పోలేరయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు. పెద్దగోడకు మా స్టేషను వేలాడుతోంది. కింద చిన్న అట్ట మీద ఇంగ్లీషులో, తెలుగులో రాసి ఉంది. ఏం రాశారని పోలేరయ్య అడిగితే నేను చదివి వినిపించాను. "చెక్కినది: రషీదా. అచ్చు తీసినది: పోలేరయ్య."

"నా పేరెందుకమ్మా?" అన్నాడు.

"మా పనిలో అది మర్యాదన్నా. చెక్కినోళ్ళ పేరు పక్కన అచ్చు తీసినోళ్ళ పేరు ఉండాల."

పోలేరయ్య వెనక్కి జరిగి గోడ పక్కన నిలబడ్డాడు. జనం వచ్చి బొమ్మ ముందు ఆగుతున్నారు, వంగి గంపలు చూస్తున్నారు, మళ్ళీ దూరం జరిగి చూస్తున్నారు. ఆయన చాలాసేపు వాళ్ళనే చూసి, నాకు మాత్రమే వినపడేట్టు అన్నాడు.

"ముప్పై ఏండ్లు రోడ్లు తొక్కినా గార్డయ్యా. అందరూ దాని మీద నడిచి పోయినోళ్ళే. నా పని కాడ ఒక మనిషి ఆగి చూసేది ఇదే."