స్నానాల నీళ్లకు కొట్టిన కానుగ చెట్టు

నా చిన్నప్పుడు, గోపన్‌పల్లి ఇంకా పల్లెటూరుగా ఉన్న రోజుల్లో, చలికాలం పొద్దున్నే స్నానానికని చెప్పి నిజానికి పొయ్యి దగ్గర చలి కాచుకోవడానికి పోయేదాన్ని. పెరట్లో మూడు రాళ్ల పొయ్యి, దానిమీద నీళ్ల కాగు. నీళ్లు మసులుతున్నా సరే, ఇంకో కట్టె తోసేదాన్ని. మొండిదాన్ని, చెబితే వినే రకం కాదు. చలికాలం సగం కూడా కాకముందే ఇంట్లో కట్టెలు అయిపోయాయి.

వేన్నీళ్లు కావాలని నేను ఏడుపు లంకించుకుంటే, మా తాతయ్య గొడ్డలి తీసుకుని మా పెరటికీ పక్కింటికీ నడుమ ఉన్న కానుగ చెట్టు కొట్టేశాడు. పక్కింటి కోడల్ని మేము అక్క అనేవాళ్లం. ఆవిడకు ఆయాసం. ఇంట్లో పొయ్యి పొగ పడక, పగలంతా ఆ చెట్టు కిందే మంచం వేసుకుని ఉండేది. అది మాకు తెలియని సంగతేమీ కాదు. తాతయ్య ఆ పక్కనే ఒక కానుగ మొక్క నాటి, "ఫికర్ ఏంది, మళ్ల పెరుగుతది" అన్నాడు. పెద్దాయన అన్నాక నాకింకేం కావాలి.

పచ్చికట్టె మండలేదు, పొగే వచ్చింది. పక్కింట్లో దగ్గు మొదలైంది. తాతయ్య తిట్టలేదు. నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి అక్క గదిలో కూర్చోబెట్టాడు. కిటికీలోంచి మా పొగే వస్తోంది. అక్క గోడకు ఆనుకుని కూర్చుంది, ఒక్కో ఊపిరికీ భుజాలు ఎగసిపడుతున్నాయి. నాకు భయమేసింది, సిగ్గేసింది. "మొక్క పెట్టినం అక్కా, పెరుగుతది" అన్నాను.

అక్క ఊపిరి కూడదీసుకుంది. "పెరుగుతది బిడ్డా. గప్పటిదాంక నేనేడ కూసోవాలె?"

తాతయ్య తలవంచుకుని బయటికి పోయి పొయ్యిలో నీళ్లు గుమ్మరించాడు. ఆ చలికాలమంతా ఇద్దరం చన్నీళ్లే పోసుకున్నాం. మొక్క నా మోకాలెత్తు కాకముందే అక్క తల్లిగారింటికి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

ఇప్పుడు పుప్పాలగూడలో, పదిహేడో అంతస్తులో, కూతురి దగ్గర ఉంటున్నాను. మొన్న అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో, అన్ని ఫ్లాట్లకూ వేన్నీళ్ల కోసం కట్టెపొట్టు గుళికలు కాల్చే బాయిలర్ పెడదామన్నారు. చెట్లు మళ్లీ పెరుగుతాయి కాబట్టి పర్యావరణానికి మంచిదేనండి అని కమిటీ ఆయన తెరమీద పచ్చని బొమ్మలు చూపించాడు. ఈ మాట వినీ వినీ విసిగిపోయాను. వాదించే ఓపిక కూడా లేదు. అయినా లేచి, "పొగగొట్టం ఎటుదిక్కు పెడుతున్రు సార్?" అని అడిగాను.

"మనకేం ఇబ్బంది ఉండదమ్మా, వెనక గోడ వైపండి" అన్నాడాయన.

వెనక గోడ అవతల మా టవర్లు ఊడ్చేవాళ్ల రేకుల ఇళ్లున్నాయి.

చెట్టు మళ్లీ పెరుగుతుందని ఎవరన్నా అంటే, ఈలోగా ఊపిరాడనిది ఎవరికని అడగడం నేను ఆ గదిలోనే నేర్చుకున్నాను. అదే అడిగాను. మోకాళ్లు సలుపుతున్నాయి, కూర్చోమని పక్కావిడ చెయ్యి లాగుతోంది. నేను కూర్చోలేదు.