లోపలి ఫోటో

మా జిల్లాల్లో ఎక్స్‌రే అనే మాట డాక్టరు చీటీలోనే ఉండేది. జనం నోట్లో అది ఫోటో. చెయ్యి విరిగితే ఫోటో, దగ్గు తగ్గకపోతే ఫోటో, పిల్లవాడు పైసా మింగితే ఫోటో. ఉద్యోగం మొదట్లో ఆదిలాబాద్‌లో ఉన్నప్పుడు, మరాఠీ కలిపి మాట్లాడేవాళ్లు కూడా నా గది ముందు నిలబడి ఫోటో అనే అడిగేవారు. కరీంనగర్‌కు బదిలీ అయి వచ్చాక నా పేరు నేనే మరిచిపోయాను. కూరగాయలమ్మే ఆమె దగ్గర నుంచి బస్సు కండక్టరు దాకా అందరికీ నేను ఫోటో సారునే. మొదట్లో సరిదిద్దేవాణ్ని. తర్వాత ఓపిక పోయింది.

నా గది ఆస్పత్రి వెనుక వసారా చివర ఉండేది. కిటికీ అద్దాలకు నల్లరంగు పూయడం వల్ల పట్టపగలే చీకటి. ఫిల్ములు కడిగే మందునీళ్ల పుల్లటి వాసన. మధ్యలో మిషను. పెద్దవాళ్లే ఆ గుమ్మం దాటే ముందు ఒకసారి వెనక్కి చూసుకునేవారు. ఇక పిల్లల సంగతి చెప్పనక్కర్లేదు. గుమ్మం పట్టుకుని వేలాడినవాళ్లున్నారు, నేల మీద పడి దొర్లినవాళ్లున్నారు, నా చెయ్యి కొరికినవాళ్లున్నారు. తల్లి రెక్కా, తండ్రి కాలూ పట్టుకుని పిల్లను మిషను దగ్గరికి తెచ్చేసరికి నా తల ప్రాణం తోకకొచ్చేది. ఇంతా చేసి పిల్ల ఒక్కసారి మెదిలితే బొమ్మ మసకబారిపోయేది. మళ్లీ తియ్యాలి. పాడైన ఫిల్ములకు పైవాళ్లకు సంజాయిషీ చెప్పుకోవాల్సింది నేనే.

అందుకని పిల్లలతో మాట్లాడటం నేర్చుకున్నాను. అది దయ అని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది. గట్టిగా పట్టుకుంటే పిల్ల గింజుకుంటుంది, వదిలేసి చెప్తే నిలబడుతుంది, అంతే. మిషనును ముందే ముట్టుకోనిచ్చేవాణ్ని. పలక చల్లగా తగులుతుందని, లోపల గుర్రుమని చప్పుడొస్తుందని, కరవదని చెప్పేవాణ్ని. ఊపిరి బిగబట్టమంటే ఏ పిల్లకూ అర్థమయ్యేది కాదు. చెరువులో మునిగినప్పుడు ఎట్లా ఉంటావో అట్లా ఉండు అంటే మాత్రం బుగ్గలు పొంగించి నిలబడేవారు. తల్లికి సీసం ఏప్రాను తొడిగి పక్కన నిలబెట్టేవాణ్ని. ఆ బరువుకు ఆమె వంగిపోతుంటే పిల్లలు ఏడుపు ఆపి చూసేవారు. కానీ ఇదంతా రోజంతా, వచ్చిన ప్రతి పిల్లకూ, కొత్తగా చెప్తున్నట్టు చెప్పాలి. సాయంత్రానికి ఇంటికి పోతే నా సొంత పిల్లలతో మాట్లాడటానికి గొంతులో మాట మిగిలేది కాదు.

ఆ పిల్ల ఎనభైల మొదట్లో వచ్చింది. సిరిసిల్ల నుంచి తల్లి తీసుకొచ్చింది. తండ్రి మరమగ్గాల కార్ఖానాలో పని చేస్తాడట. వాళ్లు సాంచాలంటారు. సాంచె ఆగితే కూలి ఆగుతుంది కాబట్టి ఆయన రాలేదు. పిల్లకు ఆరేళ్లుంటాయేమో. చాలా రోజులుగా జ్వరం, నాలుగు మాటలు మాట్లాడితే ఆయాసం. పిల్లల వార్డులో చేర్చుకుని ఛాతీ ఎక్స్‌రేకు రాశారు. ఫోటో గదికి తీసుకుపొమ్మని సిస్టర్ చెప్పింది. తల్లి ఆ మాట ఎట్లా వినాలో అట్లాగే విన్నది.

పిల్లను తయారు చేసి తీసుకొచ్చింది. ముఖం నిండా పౌడరు, కళ్లకు కాటుక, బుగ్గన దిష్టిచుక్క, రెండు జడలకు ఎర్ర రిబ్బన్లు, జ్వరంతో కాలిపోతున్న ఒంటికి పండుగ గౌను. మెడలో పూసల దండ పక్క మంచం వాళ్లనడిగి తెచ్చిందట. అట్లా తయారై వచ్చినవాళ్లను అంతకు ముందూ చూశాను, తర్వాతా చూశాను. ఎప్పుడూ నవ్వు రాలేదు.

"జర మంచిగ దియ్యుండ్రి సార్," అంది తల్లి. "పుట్టినంక గిదే మొదటి ఫోటో."

బయట వరుస వసారా చివరిదాకా ఉంది. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. విడమరిచి చెప్పే ఓపిక లేక, ముందు గౌనూ దండా తియ్యమన్నాను. పిల్ల దండను రెండు చేతులా పట్టుకుంది. ఫోటో కోసం వేసుకున్న దండను ఫోటో కోసమే తియ్యమనే మనిషిని ఎక్కడా చూసి ఉండదు. పూసలు అడ్డమొస్తాయి, లోపలున్నది కనిపించదు అన్నాను. లోపల ఏమున్నదని అడిగింది. అదే చూద్దామన్నాను. కాసేపు ఆలోచించి దండ నా చేతికిచ్చింది. ఛాతీ పలకకు ఆనించి, ముఖం గోడ వైపు తిప్పి నిలబెట్టి, చెరువులో మునగమన్నాను. మీట నొక్కే ముందు తొంగి చూస్తే, బిగబట్టిన ఊపిరితోనే గోడను చూసి నవ్వుతోంది.

ఫిల్ము ఆరేదాకా ఇద్దరూ గుమ్మం పక్కనే కూర్చున్నారు. వార్డుకు పొమ్మంటే పోలేదు. ఫోటో చూడకుండా ఎవరు పోతారు? చివరికి లోపలికి పిలిచి లైటు డబ్బా మీద పెట్టి చూపించాను. తల్లి ముందుకు వంగింది, వెనక్కి జరిగింది, ముఖమేదని అడిగింది. పిల్ల మునివేళ్ల మీద నిలబడి చూసింది.

"నేను నవ్విన గద. ఏది?"

ఈ మిషనుకు నవ్వు కనిపించదని, లోపలి ఎముకలూ ఊపిరితిత్తులే కనిపిస్తాయని చెప్పాను. పిల్ల మిషను వైపు తిరిగి దాన్ని పైనుంచి కిందికి చూసింది.

"గట్లైతె గీ మిషిన్ మంచిది కాదు," అంది.

నేను గట్టిగా నవ్వాను. ఆ గదిలో ఎన్నాళ్లకు నవ్వానో గుర్తులేదు. నవ్వుతూనే ఫిల్ము వైపు తిరిగాను. ఒక పక్క ఊపిరితిత్తి కింది సగం తెల్లగా ఉంది. నల్లగా ఉండాల్సిన చోటది. నా నవ్వు ఆగిపోయింది. మిగతాది డాక్టరు చెప్తాడని వాళ్లను పంపించేశాను.

ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది. వీపులో, పక్కటెముకల మధ్య సూది గుచ్చి ఆ నీరు తియ్యాలి. మర్నాడు సిస్టర్ నా గదికి వచ్చి, తల్లి ఒప్పుకోవడం లేదని చెప్పింది. వార్డులో తలా ఒక మాట అన్నారట. వెన్నులో సూదేస్తే కాలు పడిపోతుందని ఒకామె, నీళ్లతో పాటు పాణం కూడా వస్తుందని ఇంకొకామె. డాక్టరు చెప్పాడు, సిస్టర్ చెప్పింది, తల్లి నేల చూపులు చూస్తూ కూర్చుంది. నువ్వు వచ్చి చెప్తే వింటుందేమో, నీ ఫోటో అంటే గురి ఉంది అంది సిస్టర్. నాకు ఒళ్లు మండింది. ఇది నా పని కాదు, నా పని నాకే నెత్తి దాకా ఉంది. అట్లా అనుకుంటూనే ఫిల్ము తీసుకుని వెళ్లాను.

వార్డు కిటికీ దగ్గర వెలుతురుకు ఫిల్ము పట్టి చూపించాను. ఈ నల్లగా ఉన్నది గాలి, ఈ తెల్లగా ఉన్నది నీరు, ఈ నీరున్నంత మేర బిడ్డకు ఊపిరి ఆడదు, అందుకే ఆయాసం. అంతకన్నా ఏమీ చెప్పలేదు. తల్లి తెల్లటి మేర అంచు వెంబడి మెల్లగా వేలు నడిపింది. ఇవన్నీ నీళ్లేనా అని అడిగింది. అవునన్నాను. వేలు తీసి కొంగులో దాచుకుని, సరే సార్, తియ్యుండ్రి అంది. రేపు అత్త వస్తుంది, ఆమెతో ఒక మాట చెప్తానంది. చెప్పమన్నాను.

మంచం మీద కూర్చుని పిల్ల అంతా వింటోంది. సూది నొప్పి పెడుతుందా అని అడిగింది. చీమ కుట్టినట్టుంటుందని తల్లి అంది, చుట్టుపక్కల వాళ్లంతా చీమే అన్నారు. నాకు ఆ చీమ మాట మీద ఎప్పుడూ కోపమే. ఆ చీమను నమ్మిన పిల్ల రెండోసారి ఎవరినీ నమ్మదు. నొప్పి పెడుతుందని చెప్పాను. దిండును కావలించుకుని ముందుకు వంగి కూర్చోవాలని కూర్చుని చూపించాను.

"ఏడువు బిడ్డా, ఎంతనన్న ఏడువు. కదలకు మాత్రం."

"నువ్వుంటవా?"

"ఉంట."

మర్నాడు పొద్దున వెళ్లేసరికి మంచం ఖాళీగా ఉంది. నాయనమ్మ మొదటి బస్సుకే దిగిందట. పిల్లకు జ్వరం వచ్చిన కొత్తలో వేములవాడ రాజన్న గుడిలో కోడెను తిప్పి కడతానని మొక్కుకుంది. ఆ మొక్కు తీర్చకుండా పిల్ల ఒంట్లో సూది గుచ్చనివ్వనంది. డాక్టర్లు వార్డుకు రాకముందే ముగ్గురూ బస్సెక్కారు. మొక్కు చెల్లించి రెండొద్దుల్లో వస్తామని ఫోటో సారుకు చెప్పమని తల్లి సిస్టర్‌తో చెప్పి పోయింది. నాకు మొక్కు మీద కోపం లేదు. నేనూ ఆ గుడి చుట్టూ కోడె పగ్గం పట్టుకుని తిరిగినవాణ్నే. నా కోపమంతా ఆ బస్సు మీద. ఏనాడూ వేళకు రానిది ఆ రోజే వేళకు రావాలా?

రెండు రోజులు గడిచాయి, నెల గడిచింది. ఏదో పని కల్పించుకుని పిల్లల వార్డు వైపు వెళ్లి ఆ మంచం చూసి వచ్చేవాణ్ని. తర్వాత తెలిసిందేమంటే, మొక్కు తీర్చాక పిల్లకు జ్వరం తగ్గిందట. వాళ్లకు పట్టలేనంత సంతోషమైందట. ఆ సంతోషంలో వారం గడిచి, మళ్లీ జ్వరం మొదలై, ఊళ్లోనే మందులు మింగించి, పిల్ల పడుకోలేక కూర్చునే నిద్రపోతున్నప్పుడు మళ్లీ మా దగ్గరికి తెచ్చారు. వానలు మొదలయ్యాయి అప్పటికి. తల్లి పిల్లను భుజాన వేసుకుని నా గదిలోకి వచ్చింది. నా ముఖం చూడలేదు. పిల్లకు నిలబడే శక్తి లేదు. తల్లి ఒళ్లో కూర్చోబెట్టే తీశాను. ఈసారి ఒక పక్కంతా తెల్లగా వచ్చింది. గుండె తన చోటు నుంచి అవతలి వైపుకు ఒరిగిపోయింది.

ఆ మధ్యాహ్నమే సూది వేశారు. ఉంటానన్నాను కాబట్టి వెళ్లి నిలబడ్డాను. పిల్ల దిండును కావలించుకుని వంగింది. గొంతులో ఉన్నంత ఏడుపు ఏడ్చింది, కదల్లేదు. నీరు కాదు, చిక్కటి చీము వచ్చింది. తల్లి బయట గోడకు నుదురు ఆనించి నిలబడి ఉంది. అయిపోయిందా అని పిల్ల అడిగితే అయిపోయిందన్నాను. తర్వాత చీము కారడానికి గొట్టం వేశారు. రోజూ పొద్దున గదికి పోయే ముందు అటు వెళ్లి పలకరించేవాణ్ని. ఒక పొద్దున వెళ్తే ఆ మంచం మీద వేరే పిల్ల ఉంది. గదికి వెళ్లి లైట్లు వేసుకోకుండా కూర్చుని ఏడ్చాను. వరుస అప్పటికే మొదలైంది.

దసరా పోయాక ఒక రోజు ఒకాయన వరుసలో వచ్చాడు. జుట్టులో, కనుబొమల మీద నూలు దుమ్ము. తన వంతు వచ్చాక చీటీ అడిగితే లేదన్నాడు. చీటీ లేకుండా వరుసలో ఎందుకు నిలబడ్డావని విసుక్కున్నాను. ఆయన చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వచ్చాడు.

"నా బిడ్డ ఫోటో మీ తాన ఉన్నదట గద సార్. ఇంట్ల ఇంకోటి లేదు."

సిరిసిల్ల అన్నాడు, ఎవరో తెలిసింది. స్టూలు మీద కూర్చోబెట్టి తలుపు వేశాను. ఎట్లా చెప్పాలో తెలియక, అది మామూలు ఫోటో కాదని, అందులో బిడ్డ ముఖం ఉండదని, ఎముకలే ఉంటాయని చెప్పుకుంటూ పోయాను. ఆయన అడ్డు రాకుండా విన్నాడు.

"తెల్సు సార్, మా ఆమె చెప్పింది. అయినా అది మా బిడ్డదే గద."

ఫిల్ములు బయటివాళ్లకు ఇవ్వకూడదు. లోపలి గదికి వెళ్లి వెతికాను. రెండూ ఒకే కవరులో ఉన్నాయి. రెండోది అక్కడే వదిలేసి మొదటిది తెచ్చాను. అందులో గుండె ఇంకా తన చోటనే ఉంది. లైటు డబ్బా మీద పెట్టాను. ఆయన లేచి దగ్గరికి వచ్చాడు. చాలాసేపు చూసి, ఎక్కడ చూడాలి సార్ అని అడిగాడు. గుండె మీద వేలు పెట్టి, ఇది గుండె అన్నాను. ఎంత ఉంటుందని అడిగాడు. ఎవరి గుండె అయినా వాళ్ల పిడికిలంత ఉంటుందని చెప్పాను.

"నా బొటనేలు పిడికిట్ల వట్టుకోనె పండుకునేది సార్ నా బిడ్డ," అన్నాడు.

అరచెయ్యి లుంగీకి తుడుచుకుని, బొటనవేలు తెచ్చి ఆ గుండె మీద పెట్టి నిలబడ్డాడు. బయట జనం తలుపు కొడుతున్నారు. కొట్టనీ అని నేను తలుపు తియ్యలేదు.