నలభై నాలుగేళ్ల ట్రైనీ

సురేంద్రది ప్రొద్దుటూరు. మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పదహారేళ్లు హెచ్‌ఆర్‌గా పనిచేశాడు. ఎందరినో చేర్చుకున్నాడు, ఈమధ్య ఎందరినో సాగనంపాడు. చివరికి ఒక సోమవారం, తాను రాసిపెట్టిన వీడ్కోలు మాటలనే ఇంకొకరు తనకు చదివి వినిపించారు. వింటూ, ‘రెండో పేరా కాస్త మోటుగా ఉందే’ అనుకున్నాడు.

తర్వాత ఆరునెలలు మియాపూర్ ఫ్లాట్‌లో కూర్చున్నాడు. ఒకరోజు భార్య హరిత ఫోన్‌లో ఒక ప్రకటన చూపించింది. బాచుపల్లిలో ఇత్తడి నగిషీ కంపెనీకి మేనేజ్‌మెంట్ ట్రైనీ కావాలట.

“ట్రైనీనా? నాకు నలభై నాలుగు!”

“వయసు రాయలేదు. నిన్న పనిమనిషి శారదమ్మను కూర్చోబెట్టి, ఈ ఏడాది నీ లక్ష్యాలేంటని అడిగినావంట. ఆయమ్మ మానేస్తానంటాంది. నువ్వు పోయిరా సామీ!”

కంపెనీ అంటే ఒక పెద్ద రేకుల షెడ్డు. ఎనిమిదిమంది కింద కూర్చుని, ఇత్తడి రేకుల మీద ఉలులతో లతలూ నెమళ్లూ తీరుస్తున్నారు. యజమాని వెంకటనారాయణకు అరవై దాటాయి. విల్లాల తలుపులకూ ఆఫీసుల గోడలకూ ఆర్డర్లు పెరిగి, ఫోన్లకు జవాబు చెప్పలేక పరేషాన్ అవుతున్నాడు. గచ్చిబౌలిలో ఉద్యోగం చేసే కూతురు నవ్య ప్రకటన ఇచ్చి, అడగాల్సిన ప్రశ్నలు అచ్చు తీసి తండ్రి చేతిలో పెట్టింది.

“కూసోండ్రి సార్. అద్దాలు ఇంట్ల మర్చిన. జర మీరే సదువుండ్రి,” అంటూ ఆయన ఆ కాగితం సురేంద్రకే ఇచ్చాడు.

కాగితం చేతికి రాగానే సురేంద్ర నడుం నిటారైంది. గొంతు మారింది.

“మీ గురించి చెప్పండి.”

వెంకటనారాయణ కూడా సర్దుకుని కూర్చున్నాడు. “మాది తాతల కాలం నుంచి గిదే పని సార్.”

“మీ బలహీనత?”

“షుగర్.”

“ఐదేళ్ల తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు?”

ఆయన షెడ్డు అంతా కలయజూశాడు. “గీడ్నే సార్. యాడికి పోత?”

సురేంద్ర కాగితం మడిచి, లేచి చెయ్యి కలిపాడు. “సంతోషం. వారంలో మీకు కబురు చేస్తాం.”

వెంకటనారాయణ మొహం వాడిపోయింది. “అంటే... నాకు రాలేదా సార్?”

టీ తెచ్చిన ఆయన భార్య పోచమ్మ గుమ్మంలోనే ఆగింది. “ఏందయ్యా, ఇగ నౌకరి ఎవలకిచ్చిన్రు?”

షెడ్డులో సుత్తులన్నీ ఆగిపోయి, నవ్వులు మొదలయ్యాయి. సురేంద్ర సిగ్గుతో చచ్చిపోయాడు. కానీ వెంకటనారాయణకు మనిషి నచ్చాడు. ఒక్క షరతు పెట్టాడు: “మొదలు మూడు నెలలు సుత్తి పట్టాలె. పని తెల్వనోడు గిరాకీకి ఏం చెప్తడు?”

మొదటిరోజే సురేంద్ర ఉలి దెబ్బకు రేకుకు చిల్లి పడింది. “పోనీ తియ్, నెమలికి కన్ను తెరిచిండు,” అన్నాడు యజమాని. వేళ్లు వాచాయి, నడుం పట్టేసింది. మూడో నెలలో తొమ్మిది రోజులు కష్టపడి ఒక్క ఆకు తీర్చాడు. పదహారేళ్లలో తాను చేసింది చేత్తో తడిమి చూసుకోవడం అదే మొదటిసారి. ఆ ఆకు నిజాంపేటలో ఎవరిదో తలుపుకి ఎక్కింది.

తర్వాత ఫోన్లన్నీ సురేంద్రకే వచ్చాయి. శుక్రవారానికల్లా నిలువెత్తు లత కావాలని ఒక ఆఫీసు వాళ్లు పట్టుబట్టారు.

“ఒక్క ఆకుకి నాకు తొమ్మిది రోజులు పట్టిందండి,” అన్నాడు సురేంద్ర. “లతకు నూటపది ఆకులు. మా వాళ్లు నాకన్నా చాలా నయం. రెండు నెలలు ఇవ్వండి.”

అవతలివాళ్లు లెక్క వేసుకున్నట్టున్నారు. తర్వాత సరేనన్నారు.

ఒక ఆదివారం ఉండబట్టలేక నిజాంపేట వెళ్లి ఆ తలుపు ముందు నిలబడ్డాడు. తన ఆకు కుడివైపు కొంచెం వంగి ఉంది. చూస్తూ ఉండిపోయాడు. ఇంటావిడ ఈశ్వరమ్మ తలుపు తీసింది.

“ఎవురు కావల్ల నాయనా?”

“ఎవరూ వద్దమ్మా. ఊరికే చూస్తాండా.”

ఆమె ఆయన్ను ఎగాదిగా చూసింది. “ఎవురు చెప్పినారో గానీ, ఈ ఇల్లు అమ్మేది లేదు,” అని తలుపు వేసేసింది. తలుపు మూసుకోవడంతో ఆకు ఇంకా దగ్గరగా కనిపించింది. సురేంద్రకు అదే మేలనిపించింది.