తోట గేటు దాటని బతుకమ్మ

మా చిన్నప్పుడు... దసరా నవరాత్రులు వస్తే చాలు, షోలాపూర్ ఊరి బయట ఉన్న పాత ఇనాందారు బంగళా తోటను జనం కోసం తెరిచేవాళ్లు. మా దాజీ పేట మగ్గాల వీధి నుంచి ఆడవాళ్లం, పిల్లలం జొన్నరొట్టెలు, పల్లీల కారం మూట కట్టుకుని నడిచే పోయేవాళ్లం.

మూడు తరాల నాటి రాతి బంగళా... దాని ముందు పెద్ద నీళ్ల హౌజు... హౌజు చుట్టూ గులాబీ మళ్లు. మేము దూరం నుంచే చూడాలి, మెట్లెక్కకూడదు. అయినా ఏడాది పొడుగునా నూలు కండెలు చుట్టే చేతులకు ఆ ఒక్క పూట సెలవు. అదే మాకు పెద్ద సంబరం.

నాకు తొమ్మిదేళ్లప్పుడు వానలు మొహం చాటేశాయి. బతుకమ్మకు గునుగు కావాలి, తంగేడు కావాలి... చుట్టుపక్కల బీళ్లలో ఒక్క పువ్వు లేదు. ఈ ఏటికి మానేద్దామని వీధిలో అందరూ అనేశారు.

మా బాపమ్మ, అంటే మా నాన్న తల్లి, ఒప్పుకోలేదు. కరీంనగర్ వైపు నుంచి మగ్గాన్ని నమ్ముకుని వచ్చిన మనిషి. వచ్చిన ఏడు నుంచీ సద్దుల బతుకమ్మ ఒక్కసారీ తప్పలేదు. పరాయి దేశంలో ఒక్క ఏడు మానేస్తే పిల్లలు మరిచేపోతారని ఆమె భయం. ఆ భయం నాకూ అంటుకుంది.

సద్దుల నాడు, ఇంట్లో కూర్చుని ఏం చేస్తామని తోటకు బయల్దేరాం. ఊరంతా ఎండినా బంగళా బావిలో నీళ్లున్నాయి కదా... గులాబీ మళ్ల మధ్య తెల్లగా, ఒత్తుగా గునుగు! తోటమాలి దాన్ని కలుపని పీకి కుప్ప పోస్తున్నాడు. ఆ కుప్ప ఇస్తావా అని అడిగితే నవ్వి, తీసుకుపొండి, నాకు మోత తప్పుతుందన్నాడు.

మా వీధిలో గునుగు పూలకు వేరే రంగు కొనేవాళ్లం కాదు. నూలు అద్దగా మిగిలిన రంగులోనే ముంచేవాళ్లం. ఆ నెల మగ్గం మీద ఏ రంగు చీరలుంటే మా బతుకమ్మదీ ఆ రంగే. ఇంట్లో కుండ అడుగున ఎర్ర రంగు ఇంకా ఉందని అమ్మ సంబరపడిపోయింది.

గేటు దగ్గర కార్‌భారి ఆపాడు. బంగళా వ్యవహారాలన్నీ చూసే పెద్దమనిషి. మూటలు విప్పించాడు. తోటలో పుట్టిన పువ్వు ఏదైనా సరే గేటు దాటకూడదట. ఇది కలుపేనని మాలి చెప్పబోతే గద్దించాడు. మగ్గాలవాళ్లకు ఇవాళ గడ్డిపువ్వు ఇస్తే రేపు గులాబీలు కోసుకుపోతారన్నాడు.

అమ్మ తల వంచుకుని మూట కింద పెట్టేసింది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. బాపమ్మ మాత్రం మూట వదల్లేదు. సగం తెలుగు, సగం మరాఠీ కలిపి చాలా నెమ్మదిగా అంది...

"పూలు గేటు దాటొద్దంటివి. దాటయి తియ్. ఈడ్నే ఆడుతం."

వెనక్కి తిరిగి సరాసరి హౌజు దగ్గరికి నడిచింది. రొట్టెలు తెచ్చిన ఇత్తడి పళ్లెం కొంగుతో తుడిచి, గునుగు పేర్చడం మొదలుపెట్టింది. రంగు లేదు, తంగేడు లేదు... తెల్లటి బతుకమ్మ. నేను అంతకుముందు అలాంటిది చూడలేదు. బొడ్లో సంచిలోంచి పసుపు తీసి, తడిపి, గౌరమ్మను చేసి పైన పెట్టింది.

కార్‌భారి పరుగున వచ్చాడు. వచ్చి ఏమంటాడు? పూలు తోటలోనే ఉన్నాయాయె! బాపమ్మ పాట ఎత్తుకుంది. మొదట ఆమె గొంతు ఒక్కటే... తర్వాత అమ్మ... తర్వాత మా వీధివాళ్లు... తోట చూడ్డానికి వచ్చిన వేరే పేటల తెలుగు ఆడవాళ్లు కూడా వచ్చి కలిశారు. నేను అరచేతులు మండేలా చప్పట్లు కొట్టాను. అబద్ధమెందుకు, కార్‌భారి మొహంలోకి చూస్తూ కొట్టాను.

బంగళా వసారాలోకి ఇంటివాళ్లు వచ్చి నిలబడ్డారు. మెచ్చుకున్నారో, విసుక్కున్నారో నాకు తెలియదు. మేము వాళ్ల కోసం ఆడలేదు.

చివరికి బతుకమ్మను ఆ హౌజులోనే వదిలాం. బాపమ్మ మిగిలిన రొట్టెలు నలిపి, వెంట తెచ్చిన బెల్లం కలిపి మలీద ముద్దలు చేసి పంచింది. మాలికి రెండు. కార్‌భారికీ ఒకటి చాచింది, ఆయన తీసుకోలేదు. అది నేను తిన్నాను.

ఈ కథ చెబితే, పాపం ఆయన పని ఆయన చేశాడు కదా అంటారు కొందరు. చేశాడు, కాదనను. మేమూ మా పని చేశాం.

మరుసటి ఏడు గేటుకు కొత్త బోర్డు వేలాడింది. పాడరాదు, ఆడరాదు, హౌజులో ఏమీ వేయరాదు... నేను బడిలో నేర్చిన మరాఠీ కూడబలుక్కుని చదివాను. బాపమ్మ మళ్లీ చదవమంది. మురిసిపోయి మూడోసారి కూడా చదివించింది. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి, బీళ్ల నిండా గునుగే. అయినా బతుకమ్మను అక్కడిదాకా మోసుకెళ్లి గేటు ముందు రోడ్డు మీదే ఆడించింది.

ఇప్పుడు గునుగు కట్టలు కట్టి సంతలో అమ్ముతున్నారు... నాకు తొంభై దగ్గర పడ్డాయి, ఇదంతా నేను చెబుతుంటే మనవరాలు ఫోన్‌లో కొడుతోంది. మొన్న మేముండే అపార్ట్‌మెంట్‌లో బతుకమ్మ ఆడుకోవడానికి షరతుల కాగితం తిప్పారు. కింద పూలరెక్కలు రాలకూడదట, పాట గేటు బయటికి వినపడకూడదట. ఒప్పుకుంటున్నామని ఇంటికొకరు సంతకం చేయాలట. అందరూ గబగబా చేసేశారు. ఇంత చదువుకుని, ఇంత సంపాదించి, ఇంత భయమెందుకో నాకు అర్థం కాలేదు...

మీ ఇళ్లలోనూ ఇలా ఎదురు నిలిచిన ఆడవాళ్లు ఉండే ఉంటారు. వాళ్లు ఏం చేశారో కింద రాయండి, ఒక్కొక్కటీ చదివించుకుని వింటాను.

ఆ కాగితం మా ఇంటికీ వచ్చింది. మనవరాలు పెన్ను అందుకోబోతే నేనే లాక్కున్నాను. మా బాపమ్మకు సంతకం రాదు. నాకు వచ్చు... పెట్టలేదు.