పడక మేస్త్రి

మా కాన్పుల ఆసుపత్రి మేస్త్రి ఏ పనీ నిలబడి చూడడు. పడుకుని చూస్తాడు. కుళాయి కారుతోందంటే కుళాయి కింద వెల్లకిలా పడుకుంటాడు. తలుపు కిర్రుమంటోందంటే గుమ్మానికి అడ్డంగా పడుకుంటాడు. అందుకే ఊరంతా ఆయన్ని పడక మేస్త్రి అంటారు. ఆయనా ఆ పేరుకే పలుకుతాడు.

కొత్త బిల్డింగు ప్లాను పనిమీద నేను ఆ ఆసుపత్రికి వచ్చిన చిన్న ఇంజనీరుని. మొదటిరోజు కొలతలు తీసుకుందామని కాన్పుగదిలోకి వెళ్ళాను. గది ఖాళీగా ఉందన్నారు. తీరా చూస్తే బల్లమీద తెల్లదుప్పటి, దానిమీద ఓ మనిషి, ఆ మనిషికి ఇంతింత లావు మీసాలు!

"ఎవరండీ మీరు?"

"మేస్త్రిని. కాసేపు మాట్లాడకండి. ఫ్యాను ఊగుతోంది."

"ఫ్యాను చూడ్డానికి పడుకోవాలా?"

"ఈ గదిలో నిలబడి చూసేదెవరు బాబూ?"

ఇంతలో కోడలి వెంట వచ్చిన ఓ పెద్దావిడ నా వెనకనుంచి తొంగిచూసింది. "ఓలమ్మో, మగాళ్ళకీ మొదలైందా!" అని కెవ్వుమని గోడకి చేరగిలబడిపోయింది. సిస్టరమ్మ పరుగెత్తుకొచ్చింది.

"కడుపుతో ఉన్నవాళ్ళకే మంచాలు చాలక మేం చస్తుంటే, ఈయనగారు రోజుకో మంచంమీద కునుకు తీస్తాడు!"

"కునుకు కాదమ్మా, నాలుగు నిమిషాలు" అంటూ ఆయన లేచి, దుప్పటి తనే మార్చి, నిచ్చెన తెచ్చుకోడానికి వెళ్ళాడు.

ఆసుపత్రికి డెబ్బయ్యేళ్ళు. సున్నం కావాలని రాసినా, పైపులు కావాలని రాసినా పైనుంచి పదకొండేళ్ళుగా ఒకటే జవాబు: కొత్త బిల్డింగు వస్తోంది కదా! నా ప్లాను చూసి మేస్త్రి మీసం దువ్వుకునేవాడు. "ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! అదీ కాన్పుల ఆసుపత్రిలో!" పాతచెప్పులు కోసి కుళాయిలకు వాషర్లు వేసేవాడు. కప్పు కారిన చోటల్లా తారు పూసి ఆపేవాడు. చెమ్మ ఆగేది గానీ, సున్నం లేక మరకలు అలాగే ఉండిపోయేవి.

ఇంట్లోనూ ఇదే వరస. "అద్దెకి ఇల్లు చూద్దామని వెళ్తే, ఇంటాయన తాళం తీశాడో లేదో ఈయన వంటింట్లో వెల్లకిలా పడ్డాడయ్యా" అని వాళ్ళావిడ నాతో మొత్తుకుంది. "ఆయన భయపడి ఇల్లు ఇవ్వనన్నాడు!"

నాలుగేళ్ళకి ప్లాను తయారైంది. సంతకం పెట్టడానికి పెద్ద ఇంజనీరుగారు స్వయంగా వచ్చారు. వరండాలో ప్లాను పరిచామో లేదో, మేస్త్రి కింద పడుకున్నాడు.

"బాబూ, ఆ కాగితం నా మొహం మీదుగా పట్టుకోండి."

"ఈయనకి ఒంట్లో బాగాలేదా?" అన్నారు పెద్దాయన హడలిపోయి.

మేస్త్రి వేలుపెట్టి ఏదో లెక్కపెట్టి లేచాడు. "అయ్యా, ఇప్పుడు కాన్పుగది నుంచి ఆపరేషన్ గదికి దారిలో పద్నాలుగు దీపాలు. మీ ప్లానులో నలభై ఒకటి. మధ్యలో లిఫ్టు కూడాను."

"అయితే ఏమయ్యా? కొత్తది కదా, విశాలంగా ఉంటుంది."

"రక్తం పోతున్న పిల్లకి విశాలం దేనికండీ? ఒక్కసారి పడుకుని చూడండి."

పెద్దాయన కోపంగా ఒకడుగు వెనక్కి వేశారు. అక్కడ సిస్టరమ్మ స్ట్రెచర్ బండి పెట్టి ఉంచింది. అంచు తగిలి ఆయన కూర్చుండిపోయారు. కూర్చున్నవాళ్ళని పడుకోబెట్టడం సిస్టరమ్మకి ముప్పయ్యేళ్ళ అలవాటు.

"కాళ్ళు చాపండి. అరవకండి" అంది.

మేస్త్రి బండి తోశాడు. పద్నాలుగు దీపాలు దాటేదాకా పెద్దాయన తిడుతూనే ఉన్నారు. వెనక్కి తిప్పి తోస్తే ఇరవై ఎనిమిది. అప్పటికి తిట్టడం మానేసి బండి అంచులు గట్టిగా పట్టుకున్నారు. మూడోసారి తోసి నలభై ఒకటి చేసేసరికి ఆయన మొహం పాలిపోయింది.

"ఇంకా ఎంతసేపయ్యా?"

"ఇంకా లిఫ్టు రాలేదండీ."

బండి దిగి ఆయన చెమట తుడుచుకున్నారు. "నాకు నొప్పి లేదు, ఏమీ లేదు. అయినా భయం వేసింది" అన్నారు. ఎర్రపెన్సిలు అడిగి, ఆపరేషన్ గదిని కాన్పుగది పక్కకి లాగేశారు. నా నాలుగేళ్ళ గీతలు చెడినా నాకు ప్రాణం లేచొచ్చింది. పెన్సిలు తిరిగిస్తూ ఆయన అడిగారు.

"ఇంతకీ తొమ్మిదో దీపం పక్కన బాతుని ఎవరు వేశారు?"

"బాతేమిటండీ?"

నాలుగేళ్ళుగా ఆ వరండా అంగుళం అంగుళం కొలిచినవాణ్ణి. నాకు ఏ బాతూ కనపడలేదు. బండి ఎక్కి పడుకున్నాను. నిలబడి చూస్తే కప్పుమీద వట్టి మరక. పడుకుంటే, దాని చుట్టూ సన్నటి బొగ్గుగీతతో నిక్షేపంలాంటి బాతు! అటుపక్క గొడుగు, ఆ తర్వాత ఏనుగు. వార్డుల్లోకి పరుగెత్తి చూస్తే మంచం మంచానికీ ఓ బొమ్మ ఉంది.

"సున్నం ఇవ్వలేదుగా" అన్నాడు మేస్త్రి తప్పు చేసినవాడిలా. "నొప్పులు పడేవాళ్ళు గంటలకొద్దీ పైకే చూస్తుంటారు. వట్టి మరకలు చూడమంటామా? నిచ్చెనెక్కి గీసి, దిగి పడుకుని సరిచూసుకుంటా."

సిస్టరమ్మ బుగ్గన వేలేసుకుంది. "రెండో కాన్పుకి వచ్చినవాళ్ళంతా మూడో మంచమే కావాలంటే ఎందుకో అనుకున్నా. పిల్లి కోసమా!"

పెద్దాయన మెల్లగా నవ్వి, మేస్త్రి భుజం తట్టారు. "ఇక నీకా బాధ లేదయ్యా. కొత్త కప్పు యాభయ్యేళ్ళదాకా ఒక్క చుక్క కారదు."

అందరినీ అదరగొట్టే మేస్త్రి అదిరిపడడం నేను చూసింది అప్పుడే.

"ఒక్క చుక్క కూడానా? మరి వాళ్ళు ఏం చూడాలండీ?"

పెద్దాయన మళ్ళీ పెన్సిలు అందుకుని, ప్లాను అంచున ఏదో రాసి, సంతకం పెట్టి వెళ్ళిపోయారు. నేను ప్లాను తిప్పి చదివాను. 'పైకప్పుకు బొమ్మలు: మేస్త్రి చెప్పిన ప్రకారం. చిన్న ఇంజనీరు ప్రతి మంచముపై పడుకొని సరిచూడవలెను.'